హీటర్ గదిలో ఇడ్లీ పిండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో చలికాలం ఎప్పుడు మొదలైందో మా నాన్న బేస్‌మెంట్ మెట్లు దిగినప్పుడే తెలిసేది. అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున కాఫీ తాగేసి, మోచేతుల దగ్గర చిరిగిన పాత స్వెటర్ తొడుక్కుని, పొడవాటి అగ్గిపుల్లల పెట్టె చేత్తో పట్టుకుని కిందికి దిగేవారు. వేసవంతా ఆరిపోయి ఉన్న హీటర్‌ని శుభ్రం చేసి మళ్ళీ వెలిగించడం ఆయన పని. టార్చిలైటు పట్టుకోవడం నా పని. ఆ పని నాకే ఎందుకు అప్పజెప్పేవారో ఇప్పటికీ తెలియదు. ఆ హీటర్ అంటే నాకు చచ్చేంత భయమని ఇంట్లో అందరికీ తెలుసు.

మేము అప్పుడు మిషిగన్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న కార్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. మేం కొనుక్కున్న ఇల్లు మా నాన్నకంటే వయసులో పెద్దది. దాని కింద బేస్‌మెంట్, బేస్‌మెంట్‌లో ఒక మూల చిన్న చెక్క గది, ఆ గదికి అడ్డబద్దల మధ్య గాలి ఆడే సందులున్న తలుపు. లోపల ఇనుప బీరువాలాగా నిలబడి ఉండేది హీటర్. అడుగున గ్యాస్ మంట మండితే వేడిగాలి ప్రతి గదిలోనూ నేలకున్న జాలీల్లోంచి పైకొచ్చేది. కాలిన పొగ మాత్రం హీటర్ నెత్తి మీదున్న రేకు గొట్టంలోంచి పైకప్పు దాటి బయటికి పోయేది. ఇదంతా నాన్న నాకు బొమ్మ గీసి చెప్పారు. చెబితే నాకు భయం పోతుందని ఆయన ఉద్దేశం. ఆ గొట్టాలన్నీ నా మంచం కిందికి కూడా వస్తున్నాయని తెలిశాక నా భయం ఇంకాస్త పెరిగింది.

ప్రతి ఏడూ అదే వరస. ముందు పాత ఫిల్టర్ లాగి బయట పెట్టేవారు. దాని మీద బూడిదరంగు దుమ్ము మందంగా పేరుకుని ఉండేది. కొత్తది దోపి, లోపల బూజు దులిపి, నేల మీద బోర్లా పడుకుని అగ్గిపుల్ల గీసి లోపలికి పెట్టేవారు. గోరంత నీలం మంట ఒకటి వెలిగేది. అంతవరకూ బాగానే ఉండేది. తర్వాత ఒక మీట తిప్పి "ఇప్పుడు చూడు" అనేవారు. కాసేపు ఏమీ జరగదు. ఆ కాసేపట్లోనే నా పై ప్రాణాలు పైనే పోయేవి. గుప్పుమని మంటలు వరసగా అంటుకునేసరికి నా చేతిలో టార్చిలైటు ఎటో తిరిగిపోయేది. "ఇంజనీరు కూతురివి, హీటర్‌కి భయపడతావేంటే" అని నాన్న పడుకున్నచోటే నవ్వేవారు. ఆ రోజంతా ఇల్లు కాలిన దుమ్ము వాసన వేసేది.

పిరికితనంలో నాకు తోడు మా మావయ్య ఒక్కడే. అమ్మకి తమ్ముడు. దగ్గర్లోని యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతూ, శుక్రవారం సాయంత్రం బస్సెక్కి మా ఇంటికొచ్చి, ఆదివారం కూరల డబ్బాలు పట్టుకుని తిరిగి వెళ్ళేవాడు. మంచు మీద కారు నడుస్తుంటే సీటు బెల్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చునేవాడు. పక్కింటివాళ్ళ కుక్క కనబడితే వీధి దాటి అవతలివైపు నడిచేవాడు. పడుకోబోయే ముందు స్టవ్ మీటలన్నీ తడిమి చూసుకునేవాడు, పక్క మీదికి వెళ్ళాక అనుమానం వచ్చి మళ్ళీ లేచొచ్చి తడిమేవాడు. నాన్న మా ఇద్దరికీ 'పిరికివాళ్ళ సంఘం' అని పేరు పెట్టారు. మావయ్య ప్రెసిడెంటు, నేను సెక్రటరీ. వచ్చినవాళ్ళందరికీ అలాగే పరిచయం చేసేవారు. అందరూ నవ్వేవాళ్ళు, మావయ్యా నవ్వేవాడు. నేను మాత్రం నవ్వేదాన్ని కాదు. భయపడేవాళ్ళని చూసి నవ్వడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు. పసివాడున్న ఇల్లని నాన్న ఆ ఏడు చలికాలానికి మామూలుకంటే ఎక్కువ హడావుడి చేశారు. కిటికీలన్నిటికీ లోపలివైపు పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి, హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి ముడతల్లేకుండా బిగించారు. తలుపుల అంచులకి రబ్బరు పట్టీలు వేశారు. ఎక్కడైనా చలిగాలి దూరుతోందేమోనని తడి చెయ్యి పెట్టుకుని గోడలన్నీ వెతికారు. తమ్ముడి తొట్టి మంచాన్ని సరిగ్గా హీటర్ గదికి పైనున్న గదిలో వేశారు, ఇంట్లో అన్నిటికంటే వెచ్చటి గది అదే కాబట్టి. పనంతా అయ్యాక నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంక ఈ ఇంట్లోకి చీమ కూడా దూరలేదని మురిసిపోయారు.

అమ్మ తంటా వేరు. చలిదేశంలో కాపురం పెట్టిన ప్రతి తెలుగు ఇల్లాలికీ తెలిసిన తంటాయే, ఇడ్లీ పిండి పొంగకపోవడం. అవెన్‌లో లైటు వేసి పెట్టేది, దుప్పట్లు కప్పేది, ఒకసారి వేడినీళ్ళ సంచిని పక్కన పెట్టి మరీ పిండి గిన్నెని పడుకోబెట్టింది. తమ్ముణ్ణి కూడా అంత బాగా చూసుకోలేదని నాన్న వేళాకోళం చేసేవారు. ఆ మధ్యే ఊళ్ళో ఉన్న నాలుగైదు తెలుగు కుటుంబాల్నీ టిఫిన్‌కి పిలిస్తే ఇడ్లీలు రాళ్ళలా వచ్చాయి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అందరూ చట్నీ చాలా బాగుందన్నారు. ఆ మెచ్చుకోలు అమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

నవంబర్‌లో ఆమెకి ఒక ఉపాయం తట్టింది. పిండి గిన్నె తీసుకెళ్ళి హీటర్ గదిలో పెట్టింది. తెల్లారేసరికి పొంగింది. ఆ రోజు అమ్మ ముఖంలో వెలుగు నాకింకా గుర్తే. అప్పట్నుంచీ పిండీ పెరుగూ ఆ గదిలోనే. గది ఇంకొంచెం వెచ్చగా ఉంటే బాగుంటుందని, పాత నేత చీర ఒకటి ముక్కలు చేసి తలుపు బద్దల సందుల్లో కుక్కింది. గది గోడకి బయటినుంచి చలిగాలి వచ్చే చిన్న జాలీ ఒకటి ఉంటే, న్యూస్‌పేపర్ ఉండలు చేసి అందులో దూర్చి పైన టేపు వేసేసింది. వేడి పుట్టే గదిలోకే చలిగాలి రావడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. పైగా నాన్న ఇల్లంతా చేసిన పనే తనూ చేసింది. అదొక చెప్పుకోవాల్సిన సంగతని ఆమెకి తోచలేదు. పొద్దున్నే ఆ గిన్నె పైకి తీసుకురావడం మాత్రం నా వంతుకొచ్చింది.

చలి ముదిరింది. హీటర్ ఆగకుండా ఆడుతోంది. అప్పుడే మా ఇంట్లో ఏదో తేడా మొదలైంది. లేచేసరికి తల దిమ్ముగా ఉండేది. వంట చేస్తుంటే అమ్మకి కళ్ళు తిరిగేవి. నాన్న తలనొప్పి మాత్ర వేసుకుని ఆఫీసుకి పోయేవారు. తమ్ముడు పాలు కక్కుకునేవాడు, తర్వాత పడుకునేవాడు, ఇక పడుకునే ఉండేవాడు. ఏడుపన్నది ఎరగని పిల్లాడని చూసినవాళ్ళంతా అమ్మని అదృష్టవంతురాలనేవారు. కిటికీల మీద నాన్న బిగించిన ప్లాస్టిక్‌కి నీటిబొట్లు పట్టి ధారగా కారేవి. ఊరంతా ఫ్లూ తిరుగుతోందని నాన్న అన్నారు. ఎవరిదో దిష్టి తగిలిందని అమ్మ మా అందరికీ ఉప్పు తిప్పి పడేసింది.

నాకు మాత్రం ఒక సంగతి అర్థమైంది. స్కూల్లో ఉన్నంతసేపూ నాకు తలనొప్పి ఉండదు. ఇంటికి రాగానే మొదలవుతుంది. తమ్ముడు కారెక్కితే కేరింతలు కొడతాడు, ఇంట్లోకొస్తే మెడ వాల్చేస్తాడు. ఎనిమిదేళ్ళ బుర్రకి అందులోంచి ఒకటే అర్థం దొరికింది. మా ఇంట్లో ఏదో ఉంది. అది కింద హీటర్ గదిలో ఉంటుంది. మేం పడుకున్నప్పుడు జాలీల్లోంచి పైకొచ్చి మమ్మల్ని ఏదో చేస్తోంది. అందరికంటే చిన్నవాడు కాబట్టి ముందు తమ్ముణ్ణి తీసుకుపోతుంది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, ఆ పిల్ల అనుకున్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు.

నా గదిలో జాలీ మీద దిండు పెట్టి, దాని మీద పుస్తకాలు పెట్టాను. తమ్ముడు పడుకున్నప్పుడు తొట్టి మీదికి వంగి, వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూసుకునేదాన్ని. తగిలితే కాస్త నెమ్మదించేదాన్ని, గుమ్మం దాటగానే మళ్ళీ అనుమానం. ఒకరోజు ధైర్యం చేసి అమ్మతో చెప్పాను. "అమ్మా, బేస్‌మెంట్‌లో సమ్‌థింగ్ ఉంది. అది తమ్ముణ్ణి సిక్ చేస్తోంది." అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, టీవీలో పిచ్చి పిచ్చివన్నీ చూడొద్దని చెప్పింది. నాన్న అయితే సంఘం సెక్రటరీకి ప్రమోషన్ ఇవ్వాలన్నారు. ఆ తర్వాత నేనింకెవరికీ చెప్పలేదు. భయంకంటే నవ్వులపాలు కావడమే ఎక్కువ కష్టంగా ఉండేది.

అమ్మ మళ్ళీ అందరినీ టిఫిన్‌కి పిలిచిన శనివారం వచ్చింది. మావయ్య ముందురోజే వచ్చాడు. పొద్దున లేచి, తల రెండు చేతులతో పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. బస్సు ప్రయాణం పడలేదని అమ్మ అల్లం టీ ఇచ్చింది. వచ్చేవాళ్ళ కోట్లకి నూనె వాసన పట్టకూడదని వంటింట్లో పొగ లాగే ఫ్యాన్ పెద్దగా పెట్టి గారెలు వేస్తోంది. బయట మోకాలు లోతు మంచు. నన్ను పిలిచి, పిండి గిన్నె తెమ్మంది.

ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాను. హీటర్ గది తలుపు లాగాను. తడితడిగా, ముక్కిపోయిన వాసనతో వేడిగాలి ముఖానికి కొట్టింది. పిండి బాగా పొంగి, మూతని పైకెత్తేసి, గిన్నె అంచుల మీంచి నేల మీదికి కారింది. అక్కడ చూడాల్సింది అది కాదు. అక్టోబర్‌లో నీలంగా, నిటారుగా వరసలో నిలబడ్డ మంటలు ఇప్పుడు పసుపుపచ్చగా, బద్ధకంగా ఊగుతున్నాయి. చూస్తుండగానే వాటిలో ఒకటి వంగి, హీటర్ ముందున్న రేకు దాటి బయటికొచ్చింది. నా వైపు నాలుక చాపినట్టనిపించింది. గిన్నె అక్కడే వదిలేసి ఒక్క పరుగున పైకొచ్చి పడ్డాను.

హాల్లో నాన్న కుర్చీలు సర్దుతున్నారు. ఫైర్ యెల్లోగా ఉందని, అది బయటికి వస్తోందని నోటికొచ్చిన రెండు భాషల్లోనూ చెప్పాను. "మంటన్నాక పసుపుగా కాక నల్లగా ఉంటుందేంటే" అని నాన్న నవ్వారు. వంటింట్లోంచి అమ్మ పిండి గిన్నె ఏదని కేకేసింది. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు సోఫాలోంచి మావయ్య లేచాడు. లేస్తూ ఒక్క క్షణం తూలి, గోడ పట్టుకున్నాడు.

"ఎక్కడ? చూపించు" అన్నాడు.

అన్ని రోజుల్లో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నేను నమ్మలేనట్టు చూశాను. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని, నాన్నకి వినపడకుండా చెప్పాడు. "నాక్కూడా భయమే అమ్మలూ. ఒక్కణ్ణే వెళ్ళలేను. నువ్వు మెట్ల దాకా తోడు రా, చాలు." ఎనిమిదేళ్ళ పిల్లని ఒక పెద్దవాడు తోడు రమ్మని అడగడం అదే మొదటిసారి. ఏడుపు ఆగిపోయింది.

వెళ్తూ వెళ్తూ పూజ అలమరలోంచి ఒక అగరబత్తి తీసి దీపం దగ్గర వెలిగించుకున్నాడు. "ఏంటి బావమరిదీ, హీటర్‌కి పూజా?" అన్నారు నాన్న. మావయ్య నవ్వలేదు. "మా అపార్ట్‌మెంట్‌లో హీటర్ చెక్ చేసినాయన అగ్గిపుల్ల గీసి ఆర్పి, దాని పొగ పెట్టి చూశాడు బావగారూ. పొగ గొట్టంలోకి వెళ్ళిపోవాలంట. చూసొస్తే పోలా." నాన్న తల అడ్డంగా ఊపి మళ్ళీ కుర్చీల పనిలో పడ్డారు.

నన్ను మెట్ల మీదే నిలబెట్టి మావయ్య గదిలోకి వంగాడు. హీటర్ పైభాగంలో గొట్టం మొదలయ్యేచోట గొడుగులాంటి రేకు ఉంటుంది, దాని కింద చుట్టూ ఖాళీ. అగరబత్తిని ఆ ఖాళీ దగ్గర పెట్టాడు. పొగ లోపలికి లాక్కుపోవాలి. అది పోలేదు. కాసేపు అక్కడే తచ్చాడి, వెనక్కి తిరిగి, ఎవరో లోపలినుంచి ఊదినట్టు తిన్నగా మావయ్య ముఖం మీదికి వచ్చింది. ఆయన రెండోవైపు పెట్టి చూశాడు. అటూ అంతే. నాకు ఆయన వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపు బిగుసుకుపోవడం చూశాను. ఇటు తిరిగేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేనింతకాలం పడ్డ భయం ఒక ఎత్తు, పెద్దవాడి ముఖంలో దాన్ని చూడటం ఒక ఎత్తు.

"పైకి నడు అమ్మలూ" అన్నాడు. నా వెనకే వచ్చి, మెట్ల పైన ఎర్ర పలక ఉన్న హీటర్ స్విచ్చి ఆపేశాడు. కింద హోరు ఆగిపోయింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆర్పేశాడు.

"అక్కా, పిల్లాణ్ణి తీసుకుని బయటికి రా."

"నూనె కాగుతోందిరా. అందరూ వచ్చే టైమైంది. ఏంటి నీ గోల?"

"అక్కా, నాకు చాలా భయమేస్తోంది. ముందు బయటికి రా, తర్వాత తిడుదువుగాని."

నాన్న గుమ్మంలోకొచ్చి, అగరబత్తి పొగ చూసి ఇల్లు ఖాళీ చేస్తారా ఎవరైనా అన్నారు. బావగారి ముందు ఎన్నడూ గొంతు పెంచని మావయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నాది పొరపాటైతే జీవితాంతం నన్ను చూసి నవ్వండి. ఇప్పుడు మాత్రం రండి." నాన్న ఆయన ముఖం చూసి, వెళ్ళి వీధి తలుపు తీశారు. అమ్మ విసుక్కుంటూనే తమ్ముడి గదిలోకి వెళ్ళింది.

"కన్నా, లేమ్మా" అనడం వినబడింది. మళ్ళీ అంది. మూడోసారి అన్నప్పుడు అది అమ్మ గొంతులా లేదు. నాన్న పరిగెత్తారు.

ఎవరమూ కోట్లు వేసుకోలేదు. అమ్మ ఉత్త కాళ్ళతో మంచులోకి వచ్చేసింది. బొంతలో తమ్ముడి తల ఒక పక్కకి వేలాడుతోంది. అమ్మ వాడి అరికాళ్ళ మీద కొడుతోంది, నాన్న వాడి చెంపలు తడుతూ పేరు పెట్టి పిలుస్తున్నారు. వాడు కళ్ళు తెరవలేదు. చూడాలంటే భయం, చూడకపోతే ఆ కాసేపట్లో వాడు వెళ్ళిపోతాడేమోనని భయం. ఫోన్ చేయడానికి మావయ్య పక్కింటికి పరిగెత్తాడు. వాళ్ళ కుక్క మొరుగుతూ మీదికొచ్చింది. ఆయన దాన్ని తోసుకుని లోపలికి వెళ్ళిపోవడం నేను చూశాను.

ఎంతసేపైందో తెలియదు. చలిగాలి విసిరికొడుతోంది. తమ్ముడి పిడికిలి కదిలింది. ఒకసారి తుమ్మాడు. తర్వాత సన్నగా, పిల్లికూనలా ఏడ్చాడు, ఊపిరి పీల్చుకుని ఇంకోసారి ఏడ్చాడు. అమ్మ వాణ్ణి గుండెలకి అదుముకుని మంచులోనే కూలబడింది. వాడు ఎన్నో రోజులుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చాడు. మేమంతా చుట్టూ నిలబడి విన్నాం, ఊరుకోమని ఎవరూ అనలేదు.

అంబులెన్స్‌లో వాడి ముఖానికి చిన్న మాస్కు పెట్టారు. ఆసుపత్రిలో మా అందరికీ ఆక్సిజన్ పెట్టి, వాణ్ణి మాత్రం రెండు రోజులుంచుకున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు నాన్నని పక్కకి పిలిచి చెప్పింది. ఆ మాట నాన్న అమ్మకి తెలుగులో చెప్పలేదు. అమ్మ అడగనూ లేదు.

వరండాలో బెంచీ మీద మావయ్య పక్కన కూర్చున్నాను. ఆయన కాఫీ తాగకుండానే కప్పు కింద పెట్టేశాడు. హీటర్ సంగతి ఆయనకెలా తెలిసిందని అడిగాను.

"నాకేం తెలీదు అమ్మలూ. నువ్వు భయపడ్డావు. అంతగా భయపడ్డ పిల్ల ఒట్టినే చెప్పదు కదా, వెళ్ళి చూడాలి కదా అనుకున్నా."

"ఏమీ లేకపోతే?"

"ఇంకా మంచిది. ఇద్దరం నవ్వుకుంటూ పిండి గిన్నె తెచ్చుకునేవాళ్ళం."

సాయంత్రం తమ్ముడి దగ్గర మావయ్యని ఉంచి, నాన్న, అమ్మ, నేను కాసేపు ఇంటికి వెళ్ళేసరికి ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు కిటికీల ప్లాస్టిక్ అంతా చింపేసి తలుపులు బార్లా తెరిచారు. వాళ్ళలో ఒకాయన నాన్నని కిందికి తీసుకెళ్ళి చూపించాడు. మంట మండాలంటే గాలి కావాలి. ఆ గాలి వచ్చే దారులన్నీ మూసేశారు. ఇల్లంతా బిగించేసి ఉంది, పైగా వంటింటి ఫ్యాన్ ఉన్న గాలిని కూడా బయటికి లాగేస్తోంది. దాంతో గొట్టంలోంచి పైకి పోవాల్సిన విషపు గాలి వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చింది. దానికి రంగుండదు, వాసనుండదు. ఇప్పటిలా దాన్ని కనిపెట్టి కూసే పరికరాలు అప్పుడు ఇళ్ళల్లో లేవు. ఆయన తలుపు సందుల్లోంచి తీసిన చీర ముక్కల్ని తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. ఇంగ్లీషు అంతగా రాని అమ్మకి ఎవరూ విడమర్చి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. నేను నా జీవితంలో చాలామంది ఏడవడం చూశాను. అమ్మ ఆ రోజు ఏడవకుండా నిలబడటం వాటన్నిటికంటే భయంకరంగా ఉంది.

నాన్న ఏమంటారో అని బిక్కచచ్చిపోయి చూశాను. ఆయన నెమ్మదిగా ఆ ముక్కలు ఆమె చేతిలోంచి తీసుకున్నారు. "కిటికీలు మూసింది నేను. వాడి మంచం ఆ గదిలో వేసింది నేను. పిల్ల చెబితే నవ్వింది కూడా నేనే" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎవరినీ అనడానికి వాడలేదు. అమ్మ మాత్రం చాలాకాలం ఇడ్లీ పిండి రుబ్బలేదు.

మరుసటి ఏడు అక్టోబర్‌లో నాన్న మామూలుగానే పాత స్వెటర్ వేసుకున్నారు. మెట్ల దగ్గర ఆగి, "నీకు భయం లేకపోతేనే రా" అన్నారు. భయమేస్తోందని చెప్పాను. "అయితే మరీ మంచిది, ఏదైనా తేడాగా కనబడితే వెంటనే చెప్పు" అన్నారు. ఆ ఏడు వెలిగించాక ఆయనే అగరబత్తి పెట్టి చూశారు. పొగ గొట్టంలోకి చకచకా పోతుంటే ఇద్దరం చాలాసేపు చూస్తూ కూర్చున్నాం. సంఘం గురించిన వేళాకోళం మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఇదంతా జరిగి నలభై ఏళ్ళు దాటింది. మావయ్య ఇప్పుడు లేడు. నాకు ధైర్యం వచ్చిందని చెప్పను, రాలేదు. నేనిప్పుడు ఉంటున్న కాపెల్ అనే ఊళ్ళో, మా అమ్మాయి ఇంట్లో హీటర్ అటక మీద ఉంటుంది, దానికి మీట తిప్పే పని కూడా లేదు. అయినా చలి మొదలై అది మొదటిసారి ఆన్ అయినప్పుడు చేస్తున్న పని ఆపి ఆ చప్పుడు వింటాను. మా మనవరాలు అలమర లోపల ఏదో చప్పుడవుతోందనో, బాత్రూంలో ఎవరో ఉన్నారనో వచ్చి చెబితే మిగతావాళ్ళు నవ్వుతారు. నేను మోకాళ్ళు పట్టుకుని లేచి, ఎక్కడో చూపించమంటాను. ఇప్పటిదాకా భయపడాల్సిందేమీ దొరకలేదు. ఒకసారి గోడ జాలీకి స్క్రూ వదులైంది, ఇంకోసారి బల్లి. మనవరాలు నా వేలు పట్టుకుని ముందు నడుస్తుంటే ఎంత చిన్న చప్పుడుకైనా సరే, వెళ్ళి చూడకుండా ఏం లేదనే మాట నా నోట రాదు. మావయ్య నాకిచ్చిన ఆస్తి అదొక్కటే, నేను దాన్ని పోగొట్టుకోలేదు.

తమ్ముడికి ఆ రోజు గురించి ఏమీ తెలియదు, తెలిసే వయసు కాదు. వాడికిప్పుడు నెత్తి మీద జుట్టు పల్చబడింది, ఇద్దరు పిల్లల తండ్రి, ఒహాయోలో ఉంటాడు. చలి గాలులు మొదలవగానే నేను ఫోన్ చేస్తాను. హీటర్ చెక్ చేయించావా, పొగ గొట్టం చూపించావా, పిల్లలు పడుకునే గదిలో అలారంకి బ్యాటరీ మార్చావా అని అడుగుతాను. "ఆల్ డన్ అక్కా. ఎవ్రీ ఇయర్ ఇదే క్వశ్చన్. నువ్వింకా ఎంతకాలం భయపడతావు?" అంటూ పకపకా నవ్వుతాడు. నేను అడ్డు రాను. ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని, వాడు నవ్వడం ఆపేదాకా వింటాను.